బోర్డు మీద లేని మాట

ఒర్లియంపేట, పుదుచ్చేరి
మే నెలాఖరు

భువనక్కకి,

ఇదిగో, మాట నిలబెట్టుకున్నాను. యానాంకి బదిలీ అయిన కొత్తలో "ఇంట్లో పుట్టినప్పటి నుంచీ తెలుగే మాట్లాడుతున్నా, బస్సు మీద ఊరి పేరు చదవలేకపోయా, సిగ్గేసింది" అని నువ్వు లిపి నేర్చుకున్నావు. అక్కడితో ఊరుకోకుండా నన్నూ పీడించి నేర్పావు. నెలకో ఉత్తరం రాయాలని షరతు కూడా పెట్టావు. అమ్మ పక్కన కూర్చుని "ఏంది ఆ జిలేబీలు?" అంటోంది. మన ఇంట్లో తెలుగు చదవగలిగేది మనిద్దరమే కాబట్టి ధైర్యంగా ఏమైనా రాసుకోవచ్చు.

ఇక్కడ అందరూ బాగున్నారు. అవ్వ అరుపులు తేంగాయితిట్టు హార్బర్ దాటి వీధిలోకి వినిపిస్తున్నాయి గనక ఆమె మరీ బాగున్నట్టే. పెద్ద పడవలకి ఇంకా వేట నిషేధం తీరలేదు. చిన్న పడవల చేపలకే వేలం వేస్తోంది. అదే తీరు: చెప్పులు స్తంభం దగ్గర విప్పేసి, తడి నేల మీద వట్టి కాళ్ళతో నిలబడి, చెయ్యి ఎత్తిందంటే షెడ్డంతా నోరు మూసుకోవాల్సిందే.

ఇప్పుడు అసలు సంగతి. మా ఆఫీసుకి, అంటే కార్తికేయన్ సార్‌కీ, నాకూ, ఇంకో ఇద్దరికీ, ఎప్పుడూ కారే ఒక ఏసీకీ, పడవల సంఘం వాళ్ళు పని ఇచ్చారు. వేలం షెడ్డులో పెద్ద టీవీ పెట్టాలి. ఏ పడవ సముద్రంలో ఉంది, ఏది తిరుగుముఖం పట్టింది, ఏది చేరింది, అందులో కనిపించాలి. పడవల్లో చిన్న డబ్బాలు బిగిస్తారు, అవి జాడ పంపిస్తుంటాయి. ఐసు బండి ఎప్పుడు రావాలో, వేలం ఎప్పుడు మొదలెట్టాలో ముందే తెలుస్తుంది. ప్రోగ్రాం రాసేది నేనే.

పోయిన వారం నమూనా చూపించడానికి తీసుకెళ్ళాను. చదువురాని వాళ్ళ కోసం రంగులు కూడా పెట్టాను. సముద్రంలో ఉంటే నీలం, వస్తుంటే పసుపు, చేరితే పచ్చ. గడువు దాటినా జాడ లేకపోతే ఎరుపు. అవ్వ వేలం ఆపేసి టీవీ దగ్గరికి వచ్చింది.

"ఏందే ఆ ఎర్రది? ఏం రాసుండాది?"

"తిరిగి రాలేదు అని, అవ్వా."

అంతే, మొహం మారిపోయింది. "మీ తాత ఐసు బండి తోలే కాలం నుంచీ ఈడ ఉండా. ఒక్కరన్నా ఆ మాట అనడం విన్నావా? ఇంగా వస్తా ఉండాది అంటాం. వారమైనా అంతే అంటాం. దాన్ని గోడ మీద రాసి పెడతావా నువ్వు? తీసెయ్!"

వెనక ఆడవాళ్ళందరూ తలలూపారు. సంఘం ప్రెసిడెంటు విజయరంగన్ నన్ను పక్కకి పిలిచి, ఆ మాట ఉంటే ఒక్క మనిషి కూడా బోర్డుకేసి చూడడు పాపా, అన్నాడు. కార్తికేయన్ సార్ "కస్టమర్ వద్దంటే వద్దు" అనేశారు.

సరే, తెర మీద ఆ మాట తీసేశాను. ప్రోగ్రాంలో తప్పులు పట్టే కంపైలర్ ఒప్పుకోలేదు! "ప్రయాణం ముగిసే దారులు రెండన్నావు, చేరింది, చేరలేదు. రెండోదానికి ఏం చూపించాలో చెప్పలేదు" అని మొరాయించింది. సాయంత్రం దాకా దానితో కుస్తీ పట్టి, చివరికి ఏం చేశానో తెలుసా? ఆ 'చేరలేదు' అనే తప్పునే అసాధ్యం అని ప్రకటించేశాను. ఒక్క విలువ కూడా పుట్టలేని ఖాళీ రకం దానికి ఇచ్చాను. లేనిదానికి మాట ఎందుకు? కంపైలర్ కిక్కురుమనలేదు. ఎన్ని లైన్లు ఎగిరిపోయాయో! ఇంత శుభ్రమైన ప్రోగ్రాం నేను ఇంతవరకూ రాయలేదు. జరగని తప్పుకి చోటు పెట్టొద్దని నేర్పింది నువ్వే కదా. మెచ్చుకుంటూ జవాబు రాయి.

నీ
అభి

---

యానాం
జూన్ రెండో వారం

అభీ,

ఉత్తరం అందింది. 'ళ'కీ 'ల'కీ తేడా నీకు ఇంకా తెలియలేదు గానీ, కోపంతో సహా అవ్వ గొంతు కాగితం మీద వినిపించింది కాబట్టి పాసు మార్కులు.

మెచ్చుకోమన్నావు. సగమే మెచ్చుకుంటాను. ఖాళీ రకం గురించి పాలిటెక్నిక్‌లో నేను ఏటా ఒక క్లాసు చెప్తాను. ప్రతి పనికీ రెండు తలుపులు ఉండాలని మనం ప్రోగ్రాం రాసే భాష పట్టుబడుతుంది, పని అయితే ఒకటి, కాకపోతే ఒకటి. కొన్ని పనులు ఎప్పటికీ చెడవు. ఒక అంకెని అక్షరాల్లోకి మార్చడం ఉంది, అది ఏ రోజూ తప్పదు. అలాంటి చోట రెండో తలుపుని గోడ మీద బొమ్మగా గీసి వదిలేస్తాం. దాంట్లోంచి ఎవరూ రారని కంపైలర్‌కి తెలుసు, కాబట్టి అక్కడ కాపలా అడగదు. అది అబద్ధం కాదు, నిజంగానే ఎవరూ రారు.

పడవ తిరిగి రాకపోవడం అలాంటిదేనా?

ఇంకో చిన్న ప్రశ్న. ఖాళీ రకానికి విలువని ఎవరూ తయారుచేయలేరు. అంతకుముందు నీ ప్రోగ్రాంలో 'చేరలేదు' అనే విలువని ఎక్కడో తయారుచేసి ఉంటావు కదా. గడువు చూసే గడియారం లాంటిది ఏదో ఉండి ఉంటుంది. అది ఇప్పుడు ఏమైంది? ఎగిరిపోయాయన్న లైన్లలో అది కూడా ఉందా?

ఇక్కడ ఉక్కపోత చంపేస్తోంది. అవ్వని అడిగానని చెప్పు.

భువన

---

ఒర్లియంపేట
జూన్ నెలాఖరు

భువనక్కకి,

బోర్డు మొదలైంది! వేట నిషేధం తీరిన రోజున టీవీకి చామంతి దండ వేశారు. కొబ్బరికాయ అవ్వ చేత కొట్టించారు. అవ్వకి రంగులు రెండు రోజుల్లో వచ్చేశాయి. "పసుపు వచ్చిందే, ఐసు బండికి ఫోన్ చెయ్" అని అందరి మీదా పెత్తనం చేస్తోంది. ఇదివరకు ఆడవాళ్ళు పొద్దు వాలేటప్పుడు గట్టు మీద నిలబడి ఏ పడవ వచ్చింది, ఏది రాలేదు అని కళ్ళు చిట్లించుకుని చూసేవాళ్ళు, గుర్తుందా? ఇప్పుడు షెడ్డులో ఫ్యాను కింద కూర్చుని టీ తాగుతూ బోర్డు చూస్తున్నారు. నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

ఏలుమలై మామకి కూడా పని కుదిరింది. మిల్లు మూసేశాక సేదరపేట్ ఫ్యాక్టరీల చుట్టూ తిరిగి తిరిగి విసిగిపోయాడు కదా. ఇప్పుడు 'సెంగమలం' అనే పెద్ద పడవ మీద ఇంజను డ్రైవరుగా చేరాడు. పడవ ఓనరు వాళ్ళ అమ్మ పేరట అది. వల్లి అత్తకి ఇష్టం లేదు. మామ మాత్రం "మిల్లు మిషను అయితే ఏంది, పడవ మిషను అయితే ఏంది, రెండూ నూనె అడుగుతాయి" అని నవ్వుతున్నాడు. పడవ ఎక్కే ముందు "పోయొస్తా" అన్నాడు. ఆ మాట పూర్తిచేసేదాకా అవ్వ కొడుకు భుజం వదల్లేదు.

నీ ప్రశ్నకి జవాబు మళ్ళీ రాస్తాను, ఆఫీసుకి టైమైంది.

నీ
అభి

---

యానాం
ఆగస్టు

అభీ,

జూలైలో ఉత్తరం లేదు. నీకు ఆఫీసు టైము నెల రోజులైనట్టుంది.

ఇక్కడ గోదారి ఎర్రగా దిగుతోంది. పులస గురించి ఊరంతా ఒకటే గోల. నా జీతానికి వాసన చూడటమే.

మొన్న ఏలుమలై మామ ఫోన్ చేశాడు. పని బాగుందట, పడవ నడిపే సరంగు మంచివాడట. మాటల్లో మాటగా ఇంకొకటి చెప్పాడు. పడవలో బ్యాటరీ పాతదట. ఇంజను ఆగితే వైర్‌లెస్ సెట్టుకీ, నీ డబ్బాకీ అదే దిక్కట, ఎంతసేపు లాగుతుందో తెలియదట. ఓనరుకి చెబితే దీపావళి తర్వాత చూద్దాం అన్నాడట. "అమ్మకి చెప్పొద్దమ్మాయ్, నన్ను దించేస్తాది" అన్నాడు. నేను అవ్వకి చెప్పడం లేదు. నీకు చెబుతున్నాను, ఎందుకంటే బోర్డు నీది.

మళ్ళీ అడుగుతున్నాను. డబ్బా మూగబోతే నీ ప్రోగ్రాం ఏం చేస్తుంది? గడియారం ఉందా, లేదా? ఉందంటే ఉందని రాయి, లేదంటే లేదని రాయి. అవ్వ కబుర్లు రాసి తప్పించుకోకు.

భువన

---

ఒర్లియంపేట
సెప్టెంబరు

అక్కకి,

లేదు. గడియారం లేదు. తీసేశాను. తీసేయక తప్పలేదు, ఆ రకం ఖాళీ అయ్యాక దానికి విలువ పుట్టించే గడియారం ఉంటే కంపైలర్ ఒప్పుకోదు. ఇది నీకు తెలుసు. తెలిసి మళ్ళీ మళ్ళీ అడుగుతున్నావు, నేనేదో బ్యాక్‌లాగ్ పెట్టిన నీ స్టూడెంటు అయినట్టు.

నేను ఊరికే తీయలేదు. సంఘం వద్దంది. మన అవ్వే వద్దంది. బోర్డు రాకముందు ఈ హార్బరులో గడియారమూ లేదు, అలారమూ లేదు. అప్పుడు లేనిది ఇప్పుడూ లేదు, నేను కొత్తగా చెడగొట్టింది ఏముంది? కార్తికేయన్ సార్ ఈ బోర్డునే చూపించి కారైక్కాల్ పని కూడా తెచ్చారు. అందరూ బాగుందంటున్నారు, నువ్వొక్కదానివే తప్ప.

డబ్బా మూగబోతే చివరిగా చెప్పిన రంగే ఉంటుంది. పడవ వచ్చాక పచ్చ అవుతుంది. పడవలు వస్తాయక్కా. అవ్వ అన్నట్టు, ఇంగా వస్తా ఉంటాయి.

ఇంకేం లేదు.

అభినయ

---

యానాం
అక్టోబరు

అభీ,

సరే. ఇక అడగను. పూర్తి పేరు పెట్టి సంతకం చేశావంటే ఎంత మండిందో అర్థమైంది. చిన్నప్పుడు కూడా అలిగితే "నా పేరు అభినయ" అనేదానివి.

చివరిగా ఒక్క మాట రాసి ఊరుకుంటాను. బోర్డు రాకముందు గడియారం లేదన్నావు. ఉండేది. గట్టు మీద నిలబడి కళ్ళు చిట్లించే ఆడవాళ్ళే ఆ గడియారం. నోటితో అనేవాళ్ళు కాదు గానీ లోపల ప్రతి ఒక్కరికీ తెలుసు, ఏ పడవ ఆలస్యమైందో. ఇప్పుడు వాళ్ళు ఫ్యాను కింద టీ తాగుతున్నారని నువ్వే రాశావు.

మీ వైపు వానాకాలం మొదలైంది. జాగ్రత్త. నీకు ఇష్టమని పూతరేకులు పంపుతున్నాను. అమ్మకి పెట్టకుండా తినకు.

భువనక్క

---

ఒర్లియంపేట
నవంబరు మూడో వారం

భువనక్కకి,

ఫోన్‌లో నేను చెప్పింది సగం, ఏడ్చింది సగం. నీకు ఏది ఎప్పుడు జరిగిందో అర్థమై ఉండదు. అందుకే మొదటి నుంచి వరుసగా రాస్తున్నాను. రాస్తే నాకు కూడా కుదురుగా ఉంటుంది.

మామ పడవ 'సెంగమలం' తిరుగుముఖం పట్టిందని బోర్డు మీద పసుపు వచ్చింది. వల్లి అత్త మామకి ఇష్టమని వంకాయ కారక్కుళంబు, అదే ఆ కారం పులుసు, చేసి పెట్టింది. ఐసు బండి వచ్చి నిలబడింది. పడవ రాలేదు. ఎవరూ కంగారు పడలేదు, గాలివాన కదా, మెల్లగా వస్తుందిలే అనుకున్నారు. మర్నాడు కూడా పసుపే. ఐసు సగం కరిగిపోయాక బండి వెళ్ళిపోయింది. అత్త మన ఇంటికి వచ్చి, "పసుపే చూపిస్తా ఉంది కదా అభీ, వచ్చేస్తాడు కదా?" అని అడిగింది. నేను "ఆఁ, వచ్చేస్తాడత్తా" అన్నాను. నోట్లోంచి ఆ మాట బయటికి వచ్చాక గానీ నీ గడియారం ప్రశ్న గుర్తుకు రాలేదు. ఆఫీసుకి పరుగెత్తి కంప్యూటర్‌లో చూస్తే, డబ్బా నుంచి చివరి జాడ ఎప్పుడో అందింది. ఆ తర్వాత ఒక్కటి కూడా లేదు. ఇంతసేపూ నా బోర్డు పాత రంగునే పట్టుకుని వేలాడుతోంది. పసుపు నుంచి పచ్చకి తప్ప ఇంకెక్కడికీ పోయే దారి దానికి లేదు.

అక్కడి నుంచి హార్బరుకి వెళ్ళాను. అవ్వ అప్పుడే వేలం ముగించి బుట్టలు కడిగిస్తోంది.

"అవ్వా, మామ పడవ..."

"పసుపు ఉండాది కదా. చూసినా."

"పసుపు తప్ప దానికి ఇంకోటి రాదవ్వా. జాడ ఆగిపోయి శానా సేపైంది. పడవ మునిగినా అది పసుపే చూపిస్తాది. నేనే అట్ల చేసినా."

"ఎందుకు చేసినావు?"

"నువ్వు వద్దన్నావని."

ఆ మాట అన్నందుకు నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలక్కా. కొడుకు సముద్రంలో ఉన్న మనిషి మీదకి నా తప్పు నెట్టేశాను. అవ్వ నా మొహంలోకి చూసింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"నేను బోర్డు మీద వద్దన్నా," అంది. "నీకు కూడా తెలీకుండా ఉండమన్నానా?"

 

అవ్వ చెయ్యి తుడుచుకుని షెడ్డు మధ్యకి వెళ్ళింది. ఎప్పుడూ వేలం పాడే చోట నిలబడి చెయ్యి ఎత్తింది. వేలం అయిపోయింది కదా, మళ్ళీ ఏమిటని అందరూ తిరిగి చూశారు. అవ్వ అరవంలో అంది, నేను మన మాటల్లో రాస్తున్నాను:

"నా కొడుకు రాలేదు. సెంగమలం రాలేదు. ఎవురికి చెప్పాల్నో వాళ్ళకి ఇప్పుడే చెప్పండి."

ఒకావిడ రెండు చేతులతో చెవులు మూసుకుంది. ఇంకొకావిడ "అట్ల అనొద్దక్కా" అని ఏడుస్తూ అవ్వ నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయింది. అవ్వ ఆ చెయ్యి తోసేసి మళ్ళీ అంది, ఇంకా గట్టిగా. అప్పుడు విజయరంగన్ జేబులోంచి ఫోన్ తీశాడు. పోర్టు ఆఫీసు, కోస్ట్‌గార్డు, కడలూరు వైపు సంఘాలు, అందరికీ కబురు పోయింది. నేను చివరి జాడ ఎక్కడిదో అంకెలు చదివి చెప్పాను. ఆ మధ్యాహ్నం నేను చేసిన పనికొచ్చే పని అదొక్కటే.

తర్వాతిది నీకు తెలుసు. గాలికి దక్షిణంగా చాలా దూరం కొట్టుకుపోయారు. కోస్ట్‌గార్డు వాళ్ళు మర్నాడు కనిపెట్టి తాళ్ళు కట్టి లాక్కొచ్చారు. అందరూ ప్రాణాలతో ఉన్నారు. ఇంజను ఆగింది, బ్యాటరీ చచ్చింది, సెట్టు మూగబోయింది, నువ్వు ఆగస్టులో రాసినట్టే. మంచినీళ్ళు అయిపోతే చేపల కింద ఐసు కరిగిన నీళ్ళు తాగారట. మామ అరచెయ్యి కాలింది, వేడి ఇంజను విప్పబోయి. ఆసుపత్రిలో కట్టు కడుతుంటే నేను జరిగిందంతా చెప్పాను. నా తప్పు గురించి ఒక్క మాట అనలేదు. "మా అమ్మ ఆ మాట అనిందా? నోటితోనా?" అని అడిగి, అటు తిరిగి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

నీ పూతరేకుల డబ్బా ఇంకా విప్పలేదు. విప్పే మొహం లేదు.

అభి

---

యానాం
నవంబరు నెలాఖరు

అభీ తల్లీ,

నీ ఉత్తరం క్లాసుకి పోయే ముందు చదివాను. ఆ రోజు పాఠం చెప్పలేకపోయాను, పిల్లలకి ఏదో రాసుకోమని చెప్పి కిటికీ దగ్గర కూర్చున్నాను. మామ గొంతు నిన్న ఫోన్‌లో విన్నాక గానీ నాకు అన్నం సహించలేదు.

నిన్ను తిట్టాలని లేదు. నిన్ను నువ్వు తిట్టుకోవడం చాలు. పూతరేకులు విప్పు, పాడైపోతే నాకు ఖర్చు.

ఇన్నేళ్ళుగా నేను క్లాసులో తలుపులూ గోడలూ బొమ్మలు గీసి చెప్తున్నాను. అవ్వ ఒక్క ప్రశ్నతో తేల్చేసింది. బోర్డు మీద చూపించకపోవడం వేరు, ప్రోగ్రాంకే తెలియకుండా చేయడం వేరు. అవ్వ అడిగింది మొదటిది, నువ్వు చేసింది రెండోది. జరగకూడదని మనం అనుకునేదాన్ని జరగనిదని రాసేశావు. కంపైలర్ మనల్ని నమ్ముతుంది అభీ. నువ్వు అసాధ్యం అంటే అది సముద్రం వైపు తిరిగి చూడదు.

గడియారం తిరిగి పెడతావని నాకు తెలుసు. కానీ పెట్టగానే కంపైలర్ మళ్ళీ పాత ప్రశ్నే అడుగుతుంది, "చేరకపోతే ఏం చేయాలి?" అని. ఈసారి దాని నోరు మూయించకు. ఆ ప్రశ్నని తీసుకెళ్ళి సంఘం ముందు పెట్టు. అవ్వ ముందు పెట్టు. ఆ జవాబు ఇవ్వాల్సింది నువ్వు కాదు, వాళ్ళు.

ఏమన్నారో రాయి.

భువనక్క

---

ఒర్లియంపేట
డిసెంబరు

భువనక్కకి,

పూతరేకులు తిన్నాం. మామే విప్పాడు, కట్టు లేని చేత్తో. సగం తనే తినేశాడు, ప్రాణం కుదుటపడినట్టే.

నువ్వు చెప్పినట్టే ప్రశ్నని సంఘం ముందు పెట్టాను. మీటింగు వేలం షెడ్డులోనే జరిగింది. కార్తికేయన్ సార్ ముందే ఎరుపు రంగు సిద్ధం చేసి తెచ్చారు. ఈసారి ఎవరూ వద్దనరనుకున్నాం. నిజంగానే ఎవరూ వద్దనలేదు. పడవ ఓనర్లు, సరంగులు, ఆ రోజు చెవులు మూసుకున్న ఆవిడ కూడా "పెట్టండి" అన్నారు. విజయరంగన్ రాసుకోబోతుంటే వెనక నుంచి అవ్వ లేచింది.

"వద్దు."

"ఏందవ్వా నువ్వు!" అని అరిచేశాను, అంతమందిలో. "ఆ పొద్దు నువ్వే కదా అన్నావు?"

"నా కొడుకు గురించి నేను అన్నా," అంది అవ్వ. "ఇంకొకరి కొడుకు గురించి గోడ అనకూడదు. ఆ పిల్లోడి పెండ్లాం టీ తాగతా తల ఎత్తి చూస్తే ఎర్రగా కనపడాల్నా? అట్లనా తెలిసేది?"

"మరి ఎట్ల తెలియాల?"

"మనిషి పోయి చెప్పాల. ఇంటికి పోయి, పక్కన కూచొని చెప్పాల."

"ఎవురు పోతారు?" అని విజయరంగన్ అడిగాడు. ఆ మాట మోసుకుని ఇంకొకరి గడప తొక్కడానికి ఎవరు ఒప్పుకుంటారు చెప్పు? అపశకునమని ఆ మనిషిని మళ్ళీ ఏ శుభకార్యానికీ పిలవరు.

"నేను పోతా," అంది అవ్వ. "నన్ను పిలవకపోతే పోనీ. శానా పెండ్లిండ్లు తిన్నా."

అందుకని ఇప్పుడు ప్రోగ్రాం ఇలా ఉంది. 'చేరలేదు' అనేది మళ్ళీ నిజమైన విలువ, దాన్ని పుట్టించే గడియారం మళ్ళీ తిరుగుతోంది. గడువు దాటితే బోర్డు మీద ఆ పడవ పేరు పక్కన రంగు ఆరిపోతుంది, మాట ఏమీ రాదు. పసుపు అని అబద్ధం చెప్పదు, ఎరుపు అని కేకలూ పెట్టదు. అదే క్షణంలో రెండు ఫోన్లు మోగుతాయి. ఒకటి సంఘం ఆఫీసులో, వెతకడానికి. ఇంకోటి అవ్వ దగ్గర, చెప్పడానికి. అవ్వ ఇంకో షరతు పెట్టింది: "మిషను గొంతు నాకొద్దు, నీ గొంతు పెట్టు, మన మాటల్లో." ప్రతి పడవ పేరూ నా గొంతుతో చదివి పెట్టాను. 'సెంగమలం' మాత్రం రెండుసార్లు చదవాల్సి వచ్చింది.

కంపైలర్ అడిగిన చోట అవ్వ నంబరు రాశాను. ఈసారి అది ఒప్పుకుంది, నేను కూడా ఒప్పుకున్నాను.

నిన్న పొద్దున సరిగ్గా పనిచేస్తోందో లేదో చూద్దామని బోర్డులో ఒక ఉత్తుత్తి పడవని పెట్టి, దానికి గడువు దాటించాను. అవ్వకి ముందుగా చెప్పాలని నా బుర్రకి తట్టలేదు. వేలం మంచి జోరు మీద ఉంది. అవ్వ నడుముకి దోపుకున్న సంచిలో ఫోన్ మోగింది. అవ్వ చెయ్యి ఎత్తింది. పాట ఆగిపోయింది. అక్కడున్న ప్రతి ఆడమనిషీ అవ్వ మొహంలోకే చూస్తోంది. స్తంభం దగ్గరికి పోతూనే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, నా రికార్డు ఇంకా మొదలు కాకముందే, "ఎవుర్ది?" అంది.

ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదక్కా. బోర్డు దగ్గర నుంచి "ఎవురిదీ కాదవ్వా, నేనే, పనిచేస్తాదా అని చూస్తా ఉండా!" అని అరుస్తూ పరుగెత్తాను. అవ్వ ఫోన్‌ని మళ్ళీ సంచిలో పెట్టుకుంది. తర్వాత అందరికేసి తిరిగి, "ఏం లేదు, నా మనమరాలు" అని చెప్పి, ఆగిన ధర దగ్గరి నుంచే మళ్ళీ పాట ఎత్తుకుంది.

నన్ను తిట్టలేదు. వేలం అయ్యాక దగ్గరికి పిలిచింది.

"ఇంగ ఆటకి చెయ్యొద్దే అది. మోగితే నిజంగానే మోగాల."

సరే అని తల వంచుకున్నాను. అప్పుడు చూశాను అవ్వ కాళ్ళని. తడి నేల మీద, చేపల నీళ్ళలో, స్తంభం దగ్గర ఉండాల్సిన చెప్పులు అవ్వ కాళ్ళకి ఉన్నాయి. ఏ గడపకి పోవాలో తెలియకముందే, ఫోన్ మోగగానే వేసేసుకుంది.

నీ
అభి